కట్టిన పడవకే కష్టం ఎక్కువ: చిన్న పడవను రేవులో భద్రంగా నిలిపే పద్ధతి

విశాఖపట్నం: పడవకు ప్రమాదం అనగానే మనకు నడిసముద్రం, ఎత్తైన అలలు, తుఫాను గుర్తొస్తాయి. కానీ విశాఖ తీరం చూసిన మూడు పెద్ద సంఘటనలు తీసుకోండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను నగరం మీదే తీరం దాటింది. ఫిషింగ్ హార్బర్‌లో కట్టి ఉన్న బోట్లు ఎన్నో దెబ్బతిన్నాయి, కొన్ని మునిగిపోయాయి. 2020 అక్టోబర్ 13న బంగ్లాదేశ్‌కు చెందిన 'ఎంవీ మా' అనే సరుకుల ఓడ లంగరు పట్టు తప్పి, తెన్నేటి పార్కు దగ్గర రాళ్ళ మీదికి కొట్టుకొచ్చింది. 2023 నవంబర్ 19 రాత్రి ఫిషింగ్ హార్బర్‌లో ఒక బోటుకు అంటుకున్న నిప్పు పక్క పక్కనే కట్టి ఉన్న దాదాపు 40 బోట్లను కాల్చేసింది.

ఈ మూడింటిలో ఒక్క నావ కూడా ఆ సమయంలో ప్రయాణంలో లేదు. అన్నీ కట్టేసి ఉన్నవో, లంగరు వేసి నిలబెట్టినవో. అంటే పడవ ఒడ్డుకు చేరగానే పని అయిపోయినట్టు కాదు. మనం ఇంటికెళ్ళి నిద్రపోయే టైములోనే పడవ ఒంటరిగా గాలితో, అలతో, ఆటుపోట్లతో కొట్లాడుతుంది. దానికి మనం ఇచ్చి వెళ్ళే తోడు ఏంటంటే ఒక తాడు, ఒక ముడి, ఒక బరువు. ఆ మూడూ సరిగ్గా ఉంటే తెల్లారేసరికి పడవ పెట్టిన చోటే ఉంటుంది.

ఫైబర్ బోటు అయినా, తెరచాప పడవ అయినా, హార్బర్‌లో పక్కవాళ్ళ దగ్గర పని చేసే కలాసీ అయినా, సెలవుల్లో సెయిలింగ్ నేర్చుకునే పిల్లలయినా అందరికీ పనికొచ్చే విషయం ఇది. అందుకే కాస్త వివరంగా చూద్దాం.

లంగరు మన మాటే

రేవు భాష వింటే మన ఇళ్ళలోని ఉర్దూ వినబడుతుంది. లంగరు అనే మాట ఫార్సీ 'లంగర్' నుంచి వచ్చింది. దర్గాల్లో పంచే అన్నానికీ అదే పేరు. బోటు నడిపించే సరంగు, బోటు మీద పనిచేసే కలాసీ కూడా ఫార్సీ, అరబీ, ఉర్దూ దారిలోనే తెలుగులోకి వచ్చాయి. మచిలీపట్నాన్ని బందరు అంటాం. ఫార్సీలో 'బందర్' అంటే రేవు. అరబ్బు, ఇరాన్ నావికులు ఈ తీరానికి వచ్చిపోయిన కాలం గుర్తులు ఇవి.

విశాఖ పోర్టు ముఖద్వారం దగ్గర దర్గా కొండ మీద హజ్రత్ ఇస్హాక్ మదనీ (రహ్మతుల్లాహి అలైహ్) దర్గా ఉంది. ఆ పక్కనే వేంకటేశ్వరస్వామి కొండ, రాస్ హిల్ చర్చి. పూర్వం రేవులోకి వచ్చే, పోయే ఓడలు దర్గాకు ఎదురుగా జెండా మూడుసార్లు దించి ఎత్తేవని పెద్దలు చెప్పుకుంటారు. సముద్రం మీద బతికేవాళ్ళకు క్షేమంగా ఒడ్డు చేరడం ఎంత పెద్ద మాటో ఈ ఆనవాయితీ చెబుతుంది.

పడవ ఎక్కేటప్పుడు మనం చదివే దుఆ నూహ్ (అలైహిస్సలాం) గారిది. ఖుర్ఆన్‌లో హూద్ సూరా 41వ ఆయత్‌లో ఉంది. ఆ దుఆలో పడవ నడవడమే కాదు, పడవ ఆగడం కూడా అల్లాహ్ పేరుతోనే అని వస్తుంది. నడకతో సమానంగా నిలకడను కూడా అక్కడే చెప్పడం గమనించాల్సిన విషయం.

ముందు అర్థం చేసుకోవాల్సింది: గాలి లెక్క

గాలి వేగం రెట్టింపైతే దాని తోపు రెట్టింపు కాదు, నాలుగు రెట్లు అవుతుంది. గంటకు 40 కిలోమీటర్ల గాలి ఒక చదరపు మీటరు మీద సుమారు 8 కిలోల బరువుతో నెట్టినట్టు ఉంటుంది. అదే 80 కిలోమీటర్లయితే సుమారు 31 కిలోలు. 160 కిలోమీటర్లయితే 120 కిలోలు దాటుతుంది. చిన్న పడవ ముందు భాగం 3 చదరపు మీటర్లు అనుకున్నా, మామూలు రోజు పాతిక కిలోలు లాగే తాడును తుఫాను రోజు 370 కిలోల దాకా లాగుతుంది. ఇది గాలి ఒక్కదాని లెక్క. అల పడవను ఎత్తి పడేసినప్పుడు వచ్చే కుదుపు దీనికి అదనం.

'రోజూ ఇలాగే కడుతున్నాం, ఏమీ కాలేదు' అనే మాట అందుకే పనికిరాదు. మామూలు రోజు నిలిచిన ముడికి తుఫాను రోజు నాలుగు రెట్లో, పదహారు రెట్లో పరీక్ష వస్తుంది.

ఇంకో సంగతి. బాగా బిగించి కడితే భద్రం అని చాలామంది అనుకుంటారు. కదలడానికి వీల్లేకుండా కట్టిన పడవ ప్రతి అలకూ తాడును ఒక్కసారిగా గుంజుతుంది. అలా గుంజీ గుంజీ తాడు తెగుతుంది, లేదా తాడు కట్టిన కొక్కెం ఊడొస్తుంది. పడవకు కొంచెం కదిలే వీలు ఇవ్వాలి, కానీ దేనికీ తగిలే వీలు ఇవ్వకూడదు. ఈ రెండింటి మధ్య ఉన్నదే కట్టే విద్య.

విశాఖలో పడవలు నిలిచే మూడు తీర్లు

మొదటిది జెట్టీ. ఫిషింగ్ హార్బర్‌లో సోనా బోట్లు, ఫైబర్ బోట్లు గోడ వారగా గానీ, ఒకదాని పక్కన ఒకటి వరుసగా గానీ కట్టి ఉంటాయి.

రెండోది నీళ్ళలో. ఒడ్డుకు దూరంగా లంగరు వేసి గానీ, అడుగున పెద్ద బరువు వేసి దానికి గొలుసు, తాడు, పైన తేలే బోయ బిగించి గానీ పడవను నిలుపుతారు. తెరచాప పడవలకు ప్రపంచమంతా ఎక్కువగా వాడేది ఈ బోయ పద్ధతే.

మూడోది ఇసుక. జాలరిపేట, మంగమారిపేట, భీమిలి లాంటి చోట్ల చిన్న పడవలను, తెప్పలను నీళ్ళకు అందనంత పైకి లాగి పెడతారు. పడవ లాగగలిగినంత చిన్నదైతే, తుఫాను వచ్చే ముందు అన్నింటికన్నా మంచి పద్ధతి ఇదే.

మొదటి రెండింటి గురించే ఇక్కడ చెప్పుకుందాం.

బోయకు కట్టడం: అడుగు నుంచి పైదాకా ఒకే గొలుసు

బోయకు కట్టిన పడవను పట్టి ఉంచేది ఒక్క తాడు అనుకోకండి. అడుగున బరువు, దానికి గొలుసు, గొలుసుకు షాకిల్, షాకిల్‌కు తాడు, తాడుకు పడవ మీది కొక్కెం. ఇందులో ఏది బలహీనంగా ఉంటే పడవ బలం అంతే. కొత్త మోకు కొని తుప్పు పట్టిన షాకిల్‌కు కడితే కొత్త మోకు డబ్బులు దండగే.

అడుగు బరువు. సిమెంటు దిమ్మ చౌక, అందుకే అందరూ అదే వేస్తారు. కానీ నీళ్ళలో దిమ్మ బరువు చాలా తగ్గిపోతుంది. ఒడ్డున 100 కిలోలు తూగిన సిమెంటు దిమ్మ సముద్రంలో 57 కిలోల దాకానే తూగుతుంది. అదే 100 కిలోల ఇనుము అయితే 87 కిలోల దాకా ఉంటుంది. ఉక్కు నగరంలో పాత ఇనుప దిమ్మ దొరకడం కష్టమేమీ కాదు. సిమెంటే వాడితే ఈ లెక్క చూసుకుని అంత ఎక్కువ బరువు వేయాలి. అడుగు బురద అయితే దిమ్మ అందులోకి దిగి గట్టిగా పట్టుకుంటుంది. రాతి నేల అయితే జారుతుంది.

గొలుసు. బరువైన గొలుసు కొంత అడుగున పడి ఉండాలి. అల వచ్చి పడవను లాగినప్పుడు ముందు ఆ గొలుసు నేల మీంచి లేస్తుంది. దాన్ని లేపడంలోనే కుదుపు సగం ఖర్చయిపోతుంది. దిమ్మ దాకా నేరుగా తాడే కడితే ఈ లాభం ఉండదు. పైగా తాడు అడుగున రాళ్ళకు, గవ్వలకు రాసుకుని కోసుకుపోతుంది.

షాకిల్. దాని పిన్ను మరలా తిరిగి ఊడిపోవడం చాలా మామూలు. పిన్ను బిగించాక, దాని కన్నంలోంచి సన్నని తీగ దూర్చి షాకిల్ ఒంటికి చుట్టేయాలి. ఐదు నిమిషాల పని. నీళ్ళ కింద ఉండే భాగం కనుక ఆరు నెలలకోసారైనా పైకి తీసి చూడాలి. ఇనుము, స్టీలు కలిపి వాడితే ఉప్పు నీటిలో ఒకటి రెండోదాన్ని తినేస్తుంది. వీలైనంత వరకు అన్నీ ఒకే లోహం ఉండేలా చూసుకోండి.

తాడు. నైలాన్ తాడు సాగుతుంది, కుదుపును మింగుతుంది. పడవ కట్టడానికి అదే మంచిది. షాపుల్లో చౌకగా దొరికే ప్లాస్టిక్ తాడు నీటి మీద తేలుతుంది, పక్క బోటు పంఖాకు చుట్టుకుంటుంది. ఎండకు పెళుసెక్కి పొడిపొడిగా రాలుతుంది. విశాఖ ఎండలో ఒక వేసవి గడిచాక ఆ తాడును చేత్తో నలిపి చూడండి, మీకే తెలుస్తుంది.

రాపిడి. తాళ్ళు తెగేది లాగుడు వల్ల కంటే రాపిడి వల్లే ఎక్కువ. పడవ అంచు మీంచి తాడు దిగే చోట రాత్రంతా ముందుకూ వెనక్కూ రుద్దుకుంటూ ఉంటుంది. ఆ చోట పాత రబ్బరు గొట్టం ముక్కను నిలువునా కోసి తాడుకు తొడిగి, జారకుండా రెండు వైపులా కట్టండి. గొట్టం లేకపోతే మందపాటి కాన్వాస్ గుడ్డ చుట్టినా ఫరవాలేదు.

రెండో తాడు. బోయకు ఎప్పుడూ రెండు తాళ్ళు వేయాలి. ఒకటి బరువు మోసేది. రెండోది దానికంటే కొంచెం వదులుగా, పడవ మీద వేరే కొక్కేనికి కట్టింది. మొదటిది తెగినా పడవ పోదు. రెండూ ఒకే కొక్కేనికి కడితే, ఆ కొక్కెం ఊడితే రెండూ పోతాయి.

ఇంకో నియమం: బోయకు పడవను ముక్కు వైపు నుంచే కట్టాలి. పడవ ముక్కు అలను చీలుస్తుంది. వెనక వైపు వెడల్పు, ఎత్తు తక్కువ. వెనక నుంచి కడితే అలలు లోపలికి ఎక్కి పడవ నీళ్ళతో నిండుతుంది.

లంగరు వేస్తే తాడు ఎంత వదలాలి?

'ఎంవీ మా' లాంటి ఓడే లంగరు పట్టు తప్పి కొట్టుకొచ్చిందంటే, లంగరు ఉంటే చాలదని తెలుస్తోంది. లంగరు బరువుతో పట్టుకోదు. దాని కొక్కేలు నేలలోకి దిగి పట్టుకోవాలి. లాగుడు అడ్డంగా నేల వెంబడి వస్తే అది ఇంకా లోపలికి దిగుతుంది. లాగుడు పైకి వస్తే ఊడొస్తుంది. కనుక తాడు పొడవుగా వదలాలి.

లెక్క ఇలా వేసుకోండి. ఆటు సమయంలో లోతు 4 మీటర్లు. పోటుకు మరో మీటరున్నర పెరుగుతుంది. నీటి నుంచి పడవ ముక్కు ఎత్తు అర మీటరు. మొత్తం 6 మీటర్లు. మామూలు రోజు దీనికి 5 రెట్లు, అంటే 30 మీటర్ల తాడు వదలాలి. గాలి పెరిగే సూచన ఉంటే 7 రెట్లు, అంటే 42 మీటర్లు. లంగరుకు దగ్గరగా కొన్ని మీటర్లు గొలుసు తప్పకుండా ఉండాలి. చాలామంది ఆటు లోతు చూసి తాడు వదులుతారు. అర్ధరాత్రి పోటు వచ్చేసరికి తాడు నిటారుగా లేస్తుంది, లంగరు వదిలేస్తుంది.

తాడు పొడవైతే పడవ గాలి మారినప్పుడల్లా పెద్ద గుండ్రంగా తిరుగుతుంది. ఆ గుండ్రంలో ఇంకో పడవ, రాయి, గోడ ఉండకూడదు. లంగరు వేశాక ఒడ్డున రెండు గుర్తులు, ఒక స్తంభం, దాని వెనక ఒక మేడ, ఒకే వరుసలో వచ్చేలా చూసి పెట్టుకోండి. అరగంట తర్వాత ఆ వరుస మారిపోయి తిరిగి రాకపోతే లంగరు జారుతున్నట్టే.

ఓడలు తిరిగే దారిలో లంగరు గానీ, బోయ గానీ వేయకూడదు. విశాఖపట్నం పోర్ట్ అథారిటీ పరిధిలో ఎక్కడైనా బోయ వేయాలంటే ముందు అనుమతి అడగాలి.

జెట్టీకి కట్టడం: నాలుగు తాళ్ళు, మీటరున్నర వదులు

గోడ వారగా కట్టే పడవకు కనీసం నాలుగు తాళ్ళు కావాలి. ముక్కు నుంచి ముందుకు ఒకటి, వెనక నుంచి వెనక్కు ఒకటి. ఈ రెండూ పడవను గోడకు దగ్గరగా ఉంచుతాయి. తర్వాత ఏటవాలుగా రెండు: ముక్కు నుంచి వెనక వైపుకు ఒకటి, వెనక నుంచి ముందు వైపుకు ఒకటి. ఈ రెండూ లేకపోతే పడవ గోడ వెంబడి ముందుకూ వెనక్కూ జారుతూ పక్క బోటును గుద్దుతుంది.

విశాఖ దగ్గర పెద్ద పోటు రోజుల్లో నీటి మట్టం సుమారు మీటరున్నర తేడాతో పెరిగి తగ్గుతుంది. రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు. మర్నాడు దాదాపు 50 నిమిషాలు ఆలస్యం. పోటు మీద ఉన్నప్పుడు బిగుతుగా కట్టి వెళ్తే, ఆటుకు నీరు దిగినప్పుడు పడవ తాళ్ళకు వేలాడుతుంది. అందుకే తాళ్ళు పొడవుగా, దూరంలో ఉన్న బొల్లార్డులకు కట్టాలి. తాడు పొడవైనకొద్దీ పడవ పైకీ కిందికీ దిగినా తాడు బిగువు పెద్దగా మారదు.

ఇక్కడ మన ఇళ్ళకు ఒక సులువు ఉంది. గోడ మీది ఇస్లామీ క్యాలెండరే ఆటుపోట్ల పట్టిక. హిజ్రీ నెల చంద్రుడి మీద నడుస్తుంది, సముద్రమూ చంద్రుడి మీదే నడుస్తుంది. చాంద్ 1 నుంచి 3 వరకు, 14 నుంచి 17 వరకు నీటి తేడా ఎక్కువ. 8 నుంచి 10, 22 నుంచి 24 ప్రాంతంలో తేడా తక్కువ. ఈద్ రోజు పడవ కట్టేసి ఇంటికొస్తున్నారంటే, అది పెద్ద పోటు రోజు అని గుర్తు పెట్టుకోండి. ఈదుల్ ఫిత్ర్ నెల మొదటి రోజే కదా!

పడవకు, గోడకు మధ్య పాత టైర్లు వేలాడదీయడం హార్బర్‌లో అందరికీ తెలిసిందే. నీరు దిగినప్పుడు కూడా టైరు గోడకు ఎదురుగానే ఉందా అన్నది మాత్రం చూడరు. పోటు మీద కట్టిన టైరు ఆటు మీద పడవ అంచుకు పైన ఉండిపోతే పడవ ఒళ్ళే గోడకు రుద్దుకుంటుంది. టైర్లను గోడకు కాకుండా పడవకే కడితే అవి పడవతో పాటు దిగుతాయి.

బోటు పక్కన బోటు: 2023 అగ్నిప్రమాదం నేర్పింది

హార్బర్‌లో స్థలం తక్కువ, బోట్లు ఎక్కువ. అందుకే వరుసగా ఒకదానికొకటి కట్టేస్తారు. అప్పుడు గోడకు దగ్గరగా ఉన్న బోటు తాళ్ళే మొత్తం వరుస బరువు మోస్తాయి. ఆ బోటువాళ్ళ తాడు పాతదైతే అయిదు బోట్లూ ఒకేసారి పోతాయి. అందుకని బయట ఉన్న ప్రతి బోటూ పక్క బోటుకు కట్టడంతో ఆగకుండా, ముందు ఒకటి, వెనక ఒకటి తన సొంత తాళ్ళు జెట్టీ దాకా వేసుకోవాలి.

2023 నవంబర్ ప్రమాదంలో ఇంకో సంగతి బయటపడింది. మంటలు అంటుకున్న బోటు తాళ్ళు వదిలి నీళ్ళలోకి నెట్టేశారని, గాలికి, నీటి ప్రవాహానికి అది తిరిగి మిగతా బోట్ల వైపే వచ్చిందని అప్పుడు వార్తలు వచ్చాయి. డీజిల్ ట్యాంకులు, వంట గ్యాస్ సిలిండర్లు ఉన్న బోట్లు కావడంతో మంట ఆగలేదు.

దీన్నుంచి మనం తీసుకోవాల్సినవి మూడు. ఒకటి, కట్టేసిన బోటులో సిలిండరు ఉంచకూడదు. వేట నుంచి రాగానే దించేయాలి. పొయ్యి, సిగరెట్, విందులు కట్టిన బోటు మీద వద్దే వద్దు. రెండు, తాళ్ళు అవసరమైనప్పుడు వెంటనే ఊడేలా కట్టాలి. పది ముడులు వేసిన తాడు నిప్పు వచ్చిన రాత్రి ఊడదు. పదునైన కత్తి ఒకటి ముక్కు దగ్గర అందేలా ఉండాలి. మూడు, కాలుతున్న పడవను ఊరికే వదిలేస్తే గాలి ఎటుంటే అటు పోతుంది. గాలి మీదికి వీస్తుంటే తిరిగొస్తుంది. ఇంజను ఉన్న ఇంకో బోటుతో పొడవైన తాడు మీద లాక్కెళ్ళాలి, లేదా పక్కనున్న బోట్లనే ముందు దూరం జరపాలి.

వచ్చి తీరాల్సిన రెండు ముడులు, ఒక చుట్టు

ఉచ్చు ముడి. తాడు కొసన జారని ఉచ్చు ఇది. బొల్లార్డుకు తొడగడానికి పనికొస్తుంది. తాడు మీద చిన్న చుట్టు వేయండి. కొసను ఆ చుట్టులోంచి కింద నుంచి పైకి తీయండి. అసలు తాడు వెనకగా తిప్పి, మళ్ళీ అదే చుట్టులోంచి కిందికి దించి బిగించండి. ఎంత లాగినా ఉచ్చు చిన్నది కాదు. లాగుడు పోయాక వేలితో నెడితే ఊడుతుంది. లాగుడు మీద ఉన్నప్పుడు మాత్రం ఊడదు, అది గుర్తుంచుకోవాలి.

రింగు ముడి. రింగులోంచి తాడును రెండు సార్లు పూర్తిగా చుట్టండి. తర్వాత కొసను అసలు తాడు మీద ఒకే వైపు తిప్పి రెండు సగం ముడులు వేయండి. బరువంతా ఆ రెండు చుట్లే మోస్తాయి కాబట్టి, లాగుడు మీద కూడా దీన్ని విప్పుకోవచ్చు. జెట్టీ రింగులకు ఇదే మంచిది.

క్లీట్ చుట్టు. పడవ మీద రెండు కొమ్ముల కొక్కేనికి తాడు కట్టేటప్పుడు ముందు అడుగున ఒక పూర్తి చుట్టు తిప్పాలి. తర్వాత 8 అంకెలా రెండుసార్లు అటూ ఇటూ వేసి, ఆఖరి దాన్ని తిప్పి కొస కిందికి వచ్చేలా బిగించాలి. కొండలా పదిసార్లు చుట్టడం వల్ల బలం పెరగదు, విప్పడం కష్టమవుతుంది.

ఏ ముడి వేసినా ఆ చోట తాడు బలం తగ్గుతుందని తెలుసుకోండి. రెండు ముక్కలు ముడేసిన తాడుతో పడవ కట్టడం కంటే ఒకే పొడవు తాడు కొనడం మేలు.

పిల్లలకు నేర్పేటప్పుడు ముందు చెప్పాల్సింది ముడి గురించి కాదు. తాడు చుట్టలో కాలు పెట్టకూడదు. చేతికి తాడు చుట్టుకుని లాగకూడదు. బిగుసుకున్న నైలాన్ తాడుకు ఎదురుగా నిలబడకూడదు, అది తెగితే కొరడాలా వెనక్కి వస్తుంది. పడవకు, గోడకు మధ్య చేయి, కాలు పెట్టి పడవను ఆపాలని చూడకూడదు. ఇనుము పోతే కొనుక్కోవచ్చు, వేళ్ళు కొనలేం.

తెరచాప పడవ అయితే

ఒకప్పుడు ఈ తీరంలో తెప్పలన్నీ తెరచాపతోనే వేటకు వెళ్ళేవి. ఇప్పుడు విశాఖలో తెరచాప పడవలు ఎక్కువగా నౌకాదళం వాళ్ళ దగ్గర కనబడతాయి. హైదరాబాద్‌లో అయితే హుస్సేన్ సాగర్‌లో పిల్లలు కూడా నేర్చుకుంటున్నారు. ఐఎన్‌ఎస్‌వీ తారిణి మీద 2017 సెప్టెంబర్ 10 నుంచి 2018 మే 21 వరకు ప్రపంచాన్ని చుట్టి వచ్చిన ఆరుగురు మహిళా అధికారుల్లో స్వాతి విశాఖపట్నం అమ్మాయి, ఐశ్వర్య హైదరాబాద్ అమ్మాయి. మన ఇళ్ళలోని ఆడపిల్లలకూ ఈ విద్య అందనిది కాదు.

తెరచాప పడవను బోయ దగ్గరికి తెచ్చేటప్పుడు గాలికి ఎదురుగా రావాలి. అప్పుడు తెరచాప గాలి వదిలేసి రెపరెపలాడుతుంది, పడవ దానంతట అదే నెమ్మదిస్తుంది. గాలి వెనక నుంచి ఉంటే పడవ ఆగదు, బోయను దాటిపోతుంది. తప్పిపోతే చేయి చాచి వేలాడకుండా, చుట్టు తిరిగి మళ్ళీ రావడమే మర్యాద. పొడవైన కర్రకు కొక్కెం బిగించి ఉంచుకుంటే బోయ తాడు అందుకోవడం సులువు.

కట్టాక తెరచాపను పూర్తిగా దించేయాలి. దించి మడిచి కట్టకపోతే రాత్రి గాలికి అది విచ్చుకుని పడవను లాక్కెళ్తుంది. తుఫాను సూచన ఉంటే తెరచాపను విప్పి ఇంటికి తెచ్చేయడమే మంచిది. చుక్కాని అటూ ఇటూ కొట్టుకోకుండా మధ్యలో కట్టాలి. స్తంభానికి ఉన్న తాళ్ళను దూరంగా లాగి కట్టాలి, లేకపోతే రాత్రంతా కొట్టుకుని అరిగిపోతాయి. వాన నీరు నిండకుండా పడవకు కప్పు వేయాలి, కానీ ఆ కప్పు గాలికి గొడుగులా లేవకుండా బిగించాలి.

పోర్టులో నంబరు చూసి ఏం చేయాలి?

తుఫాను సమయంలో 'విశాఖ పోర్టులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక' అని వార్తల్లో వింటాం. దాని అర్థం తెలిస్తే టైముకు మేలుకోవచ్చు. 1, 2 నంబర్లు దూరంగా సముద్రంలో వాయుగుండమో, తుఫానో ఉందని. 3, 4 నంబర్లు మన రేవుకే ఈదురుగాలులు, తుఫాను ముప్పు ఉండొచ్చని. 5, 6, 7 ప్రమాదం. 8, 9, 10 మహా ప్రమాదం. 11 అంటే సమాచార వ్యవస్థే తెగిపోయిందని.

1, 2 ఉన్నప్పుడే తాళ్ళు, షాకిళ్ళు చూసుకోవాలి. 3 రాగానే రెట్టింపు తాళ్ళు వేయాలి, సామాన్లు దించాలి, చిన్న పడవను ఒడ్డుకు లాగేయాలి. 5 దాటాక పడవ దగ్గరికి వెళ్ళకూడదు. అప్పటికి చేయగలిగింది చేసేసి ఉండాలి. పడవ కోసం ప్రాణం పెట్టడం తెలివి కాదు.

తుఫానులో గాలి ఒకే వైపు నుంచి వీయదు. తుఫాను కన్ను మన మీదుగా వెళ్తే కాసేపు అంతా ప్రశాంతంగా ఉంటుంది, తర్వాత గాలి ఎదురు దిక్కు నుంచి వస్తుంది. హుద్‌హుద్ రోజు విశాఖ ఇదే చూసింది. ఒక వైపు గాలికి మాత్రమే కట్టిన పడవ రెండో వైపు గాలికి దొరికిపోతుంది. నాలుగు వైపులా తాళ్ళు వేయడం అందుకే. ఆ ప్రశాంతత చూసి 'అయిపోయింది' అనుకుని పడవ దగ్గరికి పరిగెత్తడం అన్నింటికన్నా ప్రమాదం. సముద్రంలో ఎవరైనా ఆపదలో ఉంటే కోస్ట్ గార్డ్ నంబరు 1554.

కట్టి, తర్వాత తవక్కుల్

ఒక మనిషి ఒంటెను కట్టకుండా వదిలేసి అల్లాహ్ మీద భారం వేయనా అని అడిగితే, ముందు కట్టు, తర్వాత భారం వెయ్యి అనే అర్థంలో ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) జవాబిచ్చారని తిర్మిజీ హదీసు గ్రంథంలో ఉంది. ఎడారిలో ఒంటె ఎలాగో, మన తీరంలో పడవ అలాగే. పడవ ఒక్కరి ఆస్తి కూడా కాదు. దాని మీద అప్పు ఉంటుంది, కలాసీల కూలీ ఉంటుంది, వాళ్ళ ఇళ్ళలో పొయ్యి ఉంటుంది. మన తాడు తెగితే పక్కవాడి పడవ కూడా పగులుతుంది. అది పొరుగువాడి హక్కు విషయం.

ప్రతి ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మర బోట్ల వేట నిషేధం. బోట్లన్నీ కట్టే ఉంటాయి. గొలుసు పైకి తీసి చూడడానికి, తాళ్ళు మార్చడానికి, పిల్లలకు రెండు ముడులు నేర్పడానికి ఇంతకన్నా మంచి టైము దొరకదు. మిగతా రోజుల్లో పడవ వదిలి వెళ్ళే ముందు ఒక్క నిమిషం నిలబడి ఈ ప్రశ్నలు వేసుకోండి. తాడు ఎక్కడైనా రాసుకుంటోందా? నీరు మీటరున్నర దిగితే ఏమవుతుంది? గాలి ఎదురు తిరిగితే పడవ దేనికి తగులుతుంది? ఒక తాడు తెగితే రెండోది ఉందా? సిలిండరు దించామా? అయిదింటికీ జవాబు బాగుంటే బిస్మిల్లాహ్ అని ఇంటికి బయల్దేరండి.